మెదడులోని ఇనుము

ఇనుమనగానే మనకు నాగటికఱ్ఱు, గునపము, రైలుపట్టా జ్ఞప్తికి వచ్చును గాని మెదడు జ్ఞప్తికి రాదు. అయినను మన దేహమునందును ఇనుము కలదు. ఎదిగిన మనుష్యుని శరీరమందలి ఇనుమునంతను ప్రోగుచేసినచో 3, 4 గ్రాములుండును. అనగా ఒక చిన్న మేకు బరువు. అందు ఎక్కువపాలు రక్తమునకు ఎఱ్ఱదనమునిచ్చు హీమోగ్లోబినునందు చేరియుండును. మిక్కిలి కొలదిపాలు మెదడునందుండును. ఆ కొలదిపాటి ఇనుము ఒక వ్యాధిలో ఏమగుచున్నదో, దానిని తల విప్పకయే చూపు యంత్రము మనకేమి చెప్పుచున్నదో, ముఖ్యముగా ఏమి చెప్పజాలకున్నదో ఈ ప్రసంగమున మనవి చేయుదును.

ఆ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లీరోసిస్. ఈ మాటకు పెక్కుచోట్ల గట్టిపడుట అని అర్థము. 1868వ సంవత్సరమున పారిస్ నగరమందలి సాల్పెట్రియేర్ వైద్యశాలలో షార్కో అను వైద్యుడు ఈ రోగమును తక్కిన నాడీరోగములనుండి వేరుచేసి వర్ణించెను. రోగి బ్రదికియున్నపుడు కన్పట్టిన లక్షణములను, మరణించిన పిమ్మట అతని మెదడునందును వెన్నుపామునందును కన్పట్టిన గట్టి మచ్చలను ఆయన జతపఱచి చూపెను. అంతకు ముప్పదేండ్లకు పూర్వమే కార్స్‌వెల్, క్రూవేల్యే అను శాస్త్రజ్ఞులు ఆ మచ్చలను చిత్రించియుండిరి. కాని అవి ఏ రోగమునకు గుర్తులో అప్పటికి స్పష్టపడలేదు.

మన నాడీతంతువులను విద్యుత్తీగెలతో పోల్చవచ్చును. తీగెకు రబ్బరు తొడుగున్నట్లే పెక్కు నాడీతంతువులకు మైలీన్ అను క్రొవ్వుతొడుగు గలదు. ఈ తొడుగు చెక్కుచెదరకున్నంతకాలము మెదడునుండి కాలికి, కంటినుండి మెదడునకు వార్తలు క్షణములో అందుచుండును. శత్రువులను వెడలగొట్టుటకై శరీరమున నియుక్తములైన రక్షకకణములు దారితప్పి, ఈ తొడుగునే శత్రువని ఎంచి కొఱికివేయుటయే ఈ వ్యాధి స్వరూపము. తొడుగు పోయినచోట వార్త మందగించును, లేదా నిలిచిపోవును. ఒకరికి ఒక కన్ను మసకబాఱును. వేఱొకరికి పాదములు తిమ్మిరెక్కును. ఇంకొకరు నడచుచు నడచుచు తూలుదురు. కొన్నివారములకు తగ్గినట్లుండి కొన్ని మాసములకో యేండ్లకో మరల వచ్చును. కాలక్రమమున తొడుగే కాక తంతువులును నశించును. అట్లు నశించినవి తిరిగి మొలవవు.

ఇది ఎక్కువగా 20, 40 ఏండ్ల నడిమి వయసువారికి, అనగా సంసారభారము వహించు వయసువారికి, వచ్చుచుండును. పురుషులలోకంటె స్త్రీలలో రెండు మూడు రెట్లు హెచ్చు. 2020లో వేసిన అంచనాను బట్టి లోకమున సుమారు 28 లక్షలమంది దీనితో జీవించుచుండిరి. మన దేశమున ఈ వ్యాధి బహు అరుదని పూర్వము వైద్యులు తలచెడివారు. తలలోని మచ్చలను చూపు యంత్రములు నగరములకు వచ్చిన తరువాత, అనుకొన్నంత అరుదు కాదని తేలినది.

ఇక ఇనుము సంగతి. 1867లో జర్మనీ దేశమున పెర్ల్స్ అను నాతడు శరీరపదార్థముపై ఒక రసాయనద్రవమును పోసినచో అందలి ఇనుము నీలివర్ణముగా మాఱునని చూపెను. ఆ పద్ధతిని మెదడునకు అన్వయించి 1922లో స్పాట్స్ అను జర్మను శాస్త్రజ్ఞుడు, ఇనుము మెదడంతట సమముగా లేదనియు, లోలోపలి బూడిదరంగు ముద్దలయందు అధికముగా ఉన్నదనియు వివరించెను. 1958లో స్వీడను దేశీయులైన హాల్‌గ్రెన్, సూరాండర్ అను వారు దానిని లెక్కగట్టిరి. గ్లోబస్ పాలిడస్ అను ముద్దయందు 100 గ్రాముల పదార్థమునకు సుమారు 21 మిల్లీగ్రాముల ఇనుము వారికి కన్పట్టినది. బిడ్డ పుట్టినపుడు మెదడున ఇనుము మిక్కిలి కొంచెము. యౌవనమువఱకు అది వడిగా పెరిగి, పిమ్మట నెమ్మదించును. కావున మెదడునందు ఇనుము కన్పట్టుటయే రోగమనుకొనరాదు. వయసుతోబాటు అది అందఱికిని వచ్చునదే.

ఈ ఇనుము అక్కడ ఊరక పడియుండలేదు. కణములు ప్రాణవాయువును వినియోగించుకొని శక్తిని పొందుటకు ఇనుము కావలెను. నాడులు ఒకదానితో నొకటి మాటలాడుకొను కొన్ని రసములు పుట్టుటకు ఇనుము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా, ఇంతకుముందు చెప్పిన మైలీన్ తొడుగును నేయు కణములకు ఇనుము కావలెను. మెదడునందు అత్యధికముగా ఇనుమును దాచుకొనునవి ఈ నేతకణములే. దాచుటకు ఫెరిటిన్ అను మాంసకృత్తు భరిణెవలె ఉపకరించును; ఒక్కొక్క భరిణెలో 4,500 ఇనుప పరమాణువులవఱకు పట్టును.

భరిణె ఎందులకని అడుగవచ్చును. బయటబడిన ఇనుము ప్రమాదకారి. 1894లో ఫెంటన్ అను ఆంగ్ల రసాయనశాస్త్రజ్ఞుడు, ఇనుమును హైడ్రోజన్ పెరాక్సైడును కలసినపుడు మిక్కిలి ఉగ్రమైన చర్య జరుగునని కనుగొనెను. ఆ చర్యలో పుట్టు పదార్థములు తమ చెంతనున్న క్రొవ్వును, మాంసకృత్తులను క్షణములో చెఱచును. ఇంటిలోని నిప్పువంటిదే ఇనుము. పొయ్యిలో నున్నంతకాలము అన్నము వండును. పొయ్యి దాటినచో ఇల్లు కాల్చును.

బ్రదికియున్న మనుష్యుని తలలో ఈ ఇనుమును చూచుట ఎట్లు? 1946లో బ్లాక్, పర్సెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు వేఱువేఱుగా ఒక విషయమును కనుగొనిరి. ఉదజని పరమాణుగర్భములు చిన్న చిన్న అయస్కాంతములవంటివి. బలమైన అయస్కాంతక్షేత్రమునం దుంచి, తగిన రేడియో తరంగమును ప్రయోగించినచో అవి బొంగరములవలె ఒక్క లయలో తిరుగుచు, తాము కూడ ఒక రేడియో సంకేతమును వెలువరించును. 1973లో లాటర్‌బర్ ఆ సంకేతములనుండి బొమ్మను కట్టవచ్చునని చూపెను; మాన్స్‌ఫీల్డ్ ఆ విధానమును వృద్ధిపఱచెను. ఈ యిరువురకును 2003లో నోబెల్ బహుమానము లభించినది. మన దేహమంతయు నీటిమయము. నీటియందంతట ఉదజని కలదు. కనుక దేహములోని లోపలిభాగములకు బొమ్మ తీయుట సాధ్యమైనది. ఇదియే నేడు వైద్యశాలలలో ఎం. ఆర్. ఐ. అనబడు పరీక్ష. అందు వాడు అయస్కాంతము సాధారణముగా 1.5 లేక 3 టెస్లాల బలము గలది, 1.5 టెస్లాలనగా భూమి అయస్కాంతబలమునకు సుమారు 30,000 రెట్లు. 1981లో లండనునందలి హామర్‌స్మిత్ వైద్యశాలవారు ఈ యంత్రముతో మల్టిపుల్ స్క్లీరోసిస్ రోగుల తలలను చూడగా, ఎక్సురేలతో తీయు సి. టి. చిత్రములలో కన్పడని మచ్చలు అనేకములు బయటపడినవి.

ఇనుము ఈ బొమ్మలో ఎట్లు కన్పడునో వినుడు. ఒక భజనలో వందమంది ఒక్క లయతో తాళములు వేయుచున్నారనుకొందము. శబ్దము ఖంగున మ్రోగును. నడుమ ఒకడు చేరి ప్రక్కవారి లయను తప్పించుచు పోయినచో, అందఱును తాళము వేయుచునే యున్నను మ్రోత కలగాపులగమై అణగిపోవును. ఇనుము చేయు పని ఇదియే. అది తనచుట్టునున్న అయస్కాంతక్షేత్రమును చెదరగొట్టును. సమీపమందలి ఉదజని గర్భములు లయతప్పును. సంకేతము త్వరగా అణగును. బొమ్మలో ఆ తావు నల్లబడును.

1987లో అమెరికాదేశమున డ్రేయర్ అను వైద్యుడును ఆయన సహచరులును, ఈ రోగుల మెదడులోపలి థాలమస్, పుటామెన్ అను ముద్దలు సాధారణముకంటె నల్లగా నున్నవని ప్రకటించిరి. తరువాత ఆ నలుపును కొలుచు పద్ధతులు వచ్చినవి. సంకేతము ఎంత వడిగా అణగుచున్నదో లెక్కించునది ఒకటి. ఒక్కొక్క తావుయొక్క అయస్కాంతగుణమునే గణించునది మఱియొకటి. 2010లో ఆస్ట్రియాదేశమందలి గ్రాట్స్ నగరశాస్త్రజ్ఞులు మరణించినవారి మెదళ్లను మొదట యంత్రముతో చూచి, పిదప రసాయనవిధానమున ఇనుమును కొలిచి, లోపలి బూడిదరంగు ముద్దలయందు ఈ రెండు లెక్కలును చక్కగా సరిపోవుచున్నవని నిరూపించిరి.

అదే యంత్రము ఇంకొక దుఃఖకరమైన సత్యమునుకూడ చూపినది. మెదడు క్షీణించుట అందఱికిని వయసుతో కలుగునదే. ఆరోగ్యవంతుల మెదడు ఏటికి నూటికి 0.1 మొదలు 0.3 వంతులవఱకు తగ్గును. ఈ రోగము గలవారికి, చికిత్స లేనిచో, అది సుమారు 0.5 మొదలు 1.3 వంతులవఱకు తగ్గుచుండును. దేహమందలి వార్తలకు కూడలివంటిదైన థాలమస్ రోగారంభమునుండియే కుదించుకొనిపోవును. జ్ఞాపకము మందగించుటకును, నడక చెడుటకును ఈ క్షీణతతో సంబంధము కలదు.

ఇప్పుడు మన యెదుట రెండు దృశ్యములున్నవి. ఒకచోట నలుపు, అనగా ఇనుము. అచ్చటనే క్షయము. ఇనుమే మెదడును తినివేయుచున్నదని మనస్సు వెంటనే తీర్పు చెప్పును. ఈ తొందరపాటు తీర్పువలన మనుష్యులు ఎంత నష్టపోయిరో చెప్పవలసియున్నది.

ఇటలీదేశమందలి ఫెర్రారా నగరమున జాంబోని అను శస్త్రవైద్యుడు 2006లో ఒక ఊహను ప్రకటించెను. కాళ్లలోని సిరలు ఉబ్బి రక్తము నిలిచిపోయినపుడు రక్తమునుండి ఇనుము చుట్టుప్రక్కలకు చేరి పుండు పడును. మెదడునందును ఇట్లే జరుగుచుండవచ్చునని ఆయన ఊహ. 2009లో ఆయన, మెదడునుండి రక్తమును క్రిందికి తెచ్చు మెడసిరలు ఈ రోగులలో ఇఱుకై యున్నవనియు, తత్కారణమున రక్తము నిలిచి ఇనుము పేరుకొనుచున్నదనియు, సిరలో చిన్న బుడగను ఊది వెడల్పు చేసినచో మేలు కలుగుననియు వ్రాసెను. ఆ వార్త దేశదేశముల ప్రాకినది. రోగులు ఆశపడుట సహజము. కెనడా మున్నగు దేశములనుండి వారు స్వదేశమున దొరకని ఈ చికిత్సకై పోలెండునకు, మెక్సికోకు, కోస్టారికాకు, మన భారతదేశమునకు సైతము సొంత ధనము వెచ్చించి ప్రయాణమైరి. కొందఱికి సిరలు చిట్లినవి, కొందఱికి రక్తము గడ్డకట్టినది, సిరలో నుంచిన లోహపు గొట్టము జారి కొట్టుకొనిపోయిన సందర్భములును కలవు, మరణములును సంభవించినవి. 2012లో అమెరికా ఔషధనియంత్రణశాఖ ఈ చికిత్సనుగూర్చి బహిరంగముగా హెచ్చరిక చేసెను.

శాస్త్రము తన పరీక్షను తాను నెమ్మదిగా నడపినది. 2013లో కెనడాశాస్త్రజ్ఞులు రోగులను, వారి తోబుట్టువులను, సంబంధములేని ఆరోగ్యవంతులను కూడ పరీక్షించిరి. సిరలు సగమునకు మించి ఇఱుకైనవారు రోగులలో నూటికి 74, తోబుట్టువులలో 66, ఆరోగ్యవంతులలో 70 మంది తేలిరి. అనగా ఆ యిఱుకుదనము మానవసామాన్యము. 2017లో కెనడాలో 104 మంది రోగులపై జరిగిన పరీక్ష ఫలితము వెలువడినది. కొందఱికి నిజముగా సిరను వెడల్పుచేసి, కొందఱికి చేసినట్లు నటించి, ఎవరికేమి జరిగినదో రోగులకు తెలియనీయక చూడగా భేదమేమియు కన్పట్టలేదు. అదే యేట జాంబోని తానే ముందు నిలిచి ఇటలీలో నడపిన పరీక్షయు ఈ చికిత్స నిష్ప్రయోజనమనియే తేల్చినది. తన ఊహకు విరుద్ధమైన ఫలితమును ఆయన దాచక ప్రకటించుట గౌరవింపదగిన విషయము.

అట్లయిన బొమ్మలోని నలుపునకు అర్థమేమి? ఇందు మూడు సంగతులు విడదీసి చూడవలెను.

మొదటిది. వేసవిలో చెఱువు ఎండుచుండగా చేపలన్నియు నడిమి మడుగున గుమిగూడును. చేపలు పెరిగినవని దారిన పోవువాడు అనుకొనును. పెరిగినవి చేపలు కావు, తగ్గినది నీరు. మెదడులోని ముద్ద కుదించుకొనిపోయినపుడు అందలి ఇనుము అంతయేయున్నను దట్టమై కన్పట్టును. యంత్రము చూపునది దట్టతను, మొత్తమును గాదు. మొత్తము తెలియవలెనన్న దట్టతను ముద్దయొక్క పరిమాణముతో గుణింపవలెను. ఈ చిన్న గుణకారమును మఱచినవారు క్షయమువలన కలిగిన నలుపును క్షయమునకు కారణముగా లెక్కించిరి.

రెండవది. మైలీన్ తొడుగునకు ఇనుమునకు విరుద్ధమైన అయస్కాంతగుణము గలదు. తొడుగు నశించినచోట, ఇనుము ఒక్క పరమాణువైనను పెరుగకున్నను, అయస్కాంతగుణపు లెక్క పెరిగినట్లే కన్పట్టును. ఒక త్రాసులో కుడితట్ట క్రుంగినదన్న, అందు బరువు పడియుండవచ్చును, లేదా ఎడమతట్టనుండి బరువు తీసియుండవచ్చును గదా.

మూడవది. పూరిల్లు కాలినచోట బూడిదలో తలుపుగడియ దొరకును. గడియ అక్కడ నున్నంత మాత్రమున అదియే నిప్పు పెట్టెనని ఎవ్వరును అనరు. తొడుగును నేయు కణములు చచ్చినపుడు వాని భరిణెలలోని ఇనుము బయటపడును. చుట్టునున్న ఊడ్పుకణములు దానిని మ్రింగి దాచుకొనును. మచ్చ అంచున కన్పట్టు ఇనుము చాలవఱకు ఇట్టిది.

2018లో అమెరికాదేశమందలి బఫలో నగరశాస్త్రజ్ఞులు 600 మంది రోగులను, 250 మంది ఆరోగ్యవంతులను పరీక్షించి ప్రకటించిన ఫలితము ఈ విషయమును మఱింత చిక్కుపఱచినది. రోగుల మెదడులోపలి కొన్ని ముద్దలలో అయస్కాంతగుణము పెరిగినది. కాని అన్నిటికంటె త్వరగా క్షీణించు థాలమస్‌నందు అది తగ్గినది! ఇనుమే విషమైనచో, విషము తగ్గినచోటనే నాశనము హెచ్చుట ఎట్లు? 2013లోనే వియన్నా శాస్త్రజ్ఞులు మరణించిన రోగుల మెదళ్లను పరీక్షించి, వ్యాధి ముదిరినకొలది మచ్చలు లేని తెల్లపదార్థమునందు ఇనుము తగ్గుచున్నదని చూపియుండిరి. ఇనుమును దాచుకొను నేతకణములు బడలిపోవుటయో నశించుటయో దీనికి హేతువై యుండవచ్చును. అట్లయినచో కొన్నితావుల ఇనుము పెరుగుట కీడుకు గుర్తు కాగా, మఱికొన్నితావుల తగ్గుటయే గుర్తగుచున్నది.

ఇంతమాత్రమున ఇనుము నిర్దోషియని విడిచిపెట్టుటకును వీలులేదు. కాలిన గడియ ఎఱ్ఱగా నున్నపుడు ప్రక్కనున్న గడ్డిని అంటించును. ఇనుమును మ్రింగిన ఊడ్పుకణములు శాంతింపక మచ్చ అంచున ఏండ్లతరబడి రగులుచుండుట కలదు. ఇట్టి మచ్చలచుట్టు యంత్రపు బొమ్మలో సన్నని నల్లని వలయము కన్పట్టును. 2019లో అమెరికా జాతీయ ఆరోగ్యసంస్థల శాస్త్రజ్ఞులు, అట్టి వలయములు నాలుగుగాని అంతకు మించిగాని గలవారు, వలయములు లేనివారికంటె చిన్నవయసుననే అశక్తులగుచున్నారని చూపిరి. 2025లో ప్రకటితమైన రోగనిర్ణయసూత్రములలో ఈ వలయమునకును స్థానము లభించినది. ఇనుము ఇచ్చట సాక్షిగా మిక్కిలి ఉపకరించుచున్నది. దోషములో దాని పాలెంతయో ఇంకను విచారణలో నున్నది. ఇనుమును శరీరమునుండి తీసివేయు డెస్ఫెరియాక్సమిన్ అను మందును 1990ల కాలమున కొలదిమంది రోగులకిచ్చి చూచిరి. స్పష్టమైన మేలు కలుగలేదు.

దీనినిబట్టి గృహస్థులు గ్రహింపదగిన సంగతులు రెండు మూడు కలవు. మెదడులో ఇనుమున్నదను మాట విని ఆకుకూరలు, రాగులు మానుటగాని, రక్తహీనతకు వైద్యుడిచ్చిన ఇనుపమాత్రలు మానుటగాని తగదు. మెదడులోని ఇనుము మనము తిన్న ఇనుమునకు సూటిగా కొలమానము కాదు. మెదడునకును రక్తమునకును నడుమ గట్టి కావలి కలదు. లోపలికి రావలసిన ఇనుమును ఆ కావలియే లెక్కించి రానిచ్చును. మన తెలుగునాట స్త్రీలలో రక్తహీనత విస్తారము. భయపడి మాత్రలు మానినచో లేని కీడు తెచ్చుకొన్నట్లగును.

ఒక్క బొమ్మను చూచి రోగముయొక్క నడకను నిర్ణయింపరాదు. నదిని ఒకసారి చూచినవాడు వఱద పెరుగుచున్నదో తీయుచున్నదో చెప్పలేడు. పాత బొమ్మలను పాఱవేయక, తేదీలతో భద్రపఱచి, క్రొత్తదానితో సరిచూపించుట మేలు. సాధ్యమైనంతవఱకు ఒకే యంత్రముపై పరీక్ష జరుగుట ఇంకను మేలు. 1993 మొదలు రక్షకకణముల దాడిని అణచు మందులు ఒకదానివెంట నొకటి వచ్చినవి. వానిని త్వరగా మొదలుపెట్టినచో క్షయము కొంతవఱకు మందగించును. బొమ్మయొక్క నిజమైన ప్రయోజనము ఇచ్చటనే కలదు.

ఎవరైనను ఒక నల్లని మచ్చను చూపి, ఇదిగో మీ రోగకారణము, దీనిని తీసివేసెదము, ఇంత సొమ్ము తెండు అని చెప్పినచో, ఒక ప్రశ్న వేయుడు: ఈ చికిత్స చేసినవారిని, చేయనివారిని, ఎవరికేమి చేసితిరో వారికి తెలియకుండ సరిపోల్చి చూచితిరా? దీనికి సరియైన సమాధానము వచ్చువఱకు మూటముడి విప్పవలదు. యంత్రము చూపగలిగినంత చూపినది. నేరస్థలమున నున్నవాడెల్ల నేరస్థుడు కాడను వివేకమును మాత్రము ఏ యంత్రమును మనకీయజాలదు. దానిని మనమే కలిగియుండవలెను.